మనిషికి తూకమా, చోటుకు వెలా?

విమానాశ్రయంలో లగేజీ కాటా ముందు నిలబడిన వారికి ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం కలిగే ఉంటుంది. మన దేశంలో ఒక నగరం నుంచి మరో నగరానికి వెళ్ళే సాధారణ తరగతి టికెట్టుపై సాధారణంగా 15 కిలోల సామాను అనుమతిస్తారు. పెట్టె 17 కిలోలు తూగితే, పై రెండు కిలోలకు రుసుము కట్టమంటారు. లేదంటే అందరి ముందూ పెట్టె తెరిచి, బరువైన వస్తువులు తీసి చేతిసంచిలో సర్దుకోవాలి. ఆ పెట్టె యజమాని 55 కిలోల బక్కపలుచని మనిషి కావచ్చు. అతని వెనుక నిలబడిన 110 కిలోల మనిషి, పెట్టె సరిగ్గా 15 కిలోలే తూగినందువల్ల, ఒక్క రూపాయి అదనంగా కట్టకుండా ముందుకు సాగిపోతాడు. విమానం మోయవలసింది ఇద్దరి పెట్టెలనూ, ఇద్దరి దేహాలనూ కలిపే కదా! అలాంటప్పుడు పెట్టెను తూచి, మనిషిని తూచకుండా వదిలేయడం ఏ రకమైన న్యాయం?

ఈ ప్రశ్నను ఆర్థికవేత్తలు గ్రంథస్థం చేశారు, న్యాయస్థానాలు విచారించాయి, ఒక విమానసంస్థ ఆచరణలో కూడా పెట్టింది. ఉమ్రా యాత్రకు తల్లిదండ్రులను పంపే కుటుంబాలకూ, గల్ఫ్ దేశాలకు రాకపోకలు సాగించే వారికీ ఇది దూరపు చర్చ కాదు. ఇందులో ధనం ఉంది, ప్రాణరక్షణ ఉంది, అన్నిటికీ మించి మనిషి గౌరవం ఉంది. కనుక తొందరపడి ఏదో ఒక పక్షం చేరకుండా, ఒక్కొక్క అంశాన్నీ విడదీసి పరిశీలిద్దాం.

సమోవా దీవుల కాటా

పసిఫిక్ మహాసముద్రంలో సమోవా అనే చిన్న ద్వీపదేశం ఉంది. అక్కడి సమోవా ఎయిర్ అనే చిన్న సంస్థ, ప్రయాణికుని బరువును బట్టి ఛార్జీ వసూలు చేస్తున్నట్లు 2013లో ప్రపంచమంతటికీ తెలిసింది. టికెట్టు కొనేటప్పుడు ప్రయాణికుడు తన బరువునూ సామాను బరువునూ కలిపి చెప్పాలి. విమానాశ్రయంలో మనిషినీ సామానునూ కాటా ఎక్కించి సరిచూస్తారు. కిలోకు ఇంత చొప్పున లెక్క కడతారు. మనిషికి వేరు, పెట్టెకు వేరు నియమం లేదు. పిల్లలతో వెళ్ళే కుటుంబాలకు ఈ పద్ధతి చౌకగా ఉంటుందని ఆ సంస్థ చెప్పుకున్నది.

విన్నవెంటనే ఇది క్రూరంగా తోచవచ్చు. అయితే ఆ సంస్థ నడిపినవి తొమ్మిది పదిమంది పట్టే బ్రిటెన్-నార్మన్ ఐలాండర్ వంటి విమానాలు, నలుగురు మాత్రమే పట్టే సెస్నాలు. అంత చిన్న విమానంలో ఇద్దరు భారీకాయులు ఎక్కితే, మూడో ప్రయాణికుని స్థానం ఖాళీగా వదలవలసి రావచ్చు. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు వెనుక కూర్చోవాలి అన్నది సైతం బరువును చూసే నిర్ణయించాలి. అలాంటి చోట్ల ప్రయాణికులను తూచడం అనేక దేశాల్లో చాలాకాలంగా ఉన్న ఆచారమే. సమోవా సంస్థ చేసిన కొత్త పని, ఆ తూకాన్ని ధరతో ముడిపెట్టడం. ఆ సంస్థ కొన్నేళ్ళకే మూతపడింది గాని, అది లేవనెత్తిన ప్రశ్న మూతపడలేదు.

బరువు విషయంలో అజాగ్రత్త ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఒక విషాదం చాలు. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్ నగరంలో 19 మంది ప్రయాణికులతో, ఇద్దరు పైలట్లతో బయలుదేరిన ఒక చిన్న విమానం గాలిలోకి లేచిన కొద్ది క్షణాలకే కూలిపోయింది. 21 మందీ మరణించారు. విమానం ముక్కును పైకీ కిందికీ తిప్పే యంత్రాంగాన్ని మరమ్మతులో తప్పుగా బిగించడం ఒక కారణమని, విమానం బరువు పరిమితికి మించి వెనుకవైపునకు పడి ఉండడం మరో కారణమని దర్యాప్తులో తేలింది. విమానసంస్థలు ప్రతి ప్రయాణికునీ తూచవు. సగటు బరువు ఇంత అని ఒక అంకె వేసుకుని లెక్క కడతాయి. జనం బరువు పెరిగింది, ఆ అంకె మాత్రం పాతదే మిగిలింది. ఆ దుర్ఘటన తరువాత అమెరికా విమానయాన అధికారులు సగటు అంకెను పెంచవలసి వచ్చింది.

నేడు ఐరోపా నియమాల ప్రకారం పెద్ద విమానాల్లో వయోజనుడైన ప్రయాణికునికి చేతిసంచితో కలిపి 84 కిలోలని లెక్కిస్తారు. ఈ సగటు సరైనదో కాదో తెలుసుకోవడానికి ఎయిర్ న్యూజీలాండ్ 2023లో పదివేల మందికి పైగా ప్రయాణికులను తూచే సర్వే జరిపింది. అదే ఏడాది కొరియన్ ఎయిర్, 2024లో ఫిన్‌ఎయిర్ కూడా అలాంటి సర్వేలు చేశాయి. ఎయిర్ న్యూజీలాండ్ సర్వేలో కాటాపై అంకె ఎదుట నిలబడిన సిబ్బందికి సైతం కనిపించకుండా, పేరు లేకుండా నమోదయ్యే ఏర్పాటు చేశారు. భద్రత కోసం తూచడం వేరు, ధర కోసం తూచడం వేరు అన్న వివేకం ఆ ఏర్పాటులో కనిపిస్తుంది. భద్రత కోసం అయితే అందరినీ తూచినా అభ్యంతరం ఉండనక్కరలేదు. దాని ఫలితం అందరి ప్రాణాలకూ రక్షణ.

లెక్క ఏమి చెబుతున్నది?

ఇక ధర సంగతి. నార్వేలో బోధించే భరత్ భట్ట అనే ఆర్థికవేత్త 2013లో ఒక విద్వత్పత్రికలో, బరువును బట్టి టికెట్టు ధర నిర్ణయించడానికి మూడు మార్గాలు సూచించాడు. కిలోకు ఇంత అని నేరుగా వసూలు చేయడం ఒకటి. అందరికీ ఒకే మూలధర పెట్టి, బరువైనవారికి కొంత కలిపి, తేలికైనవారికి కొంత తగ్గించడం రెండవది. ప్రయాణికులను తక్కువ, సాధారణ, ఎక్కువ అని మూడు తరగతులు చేయడం మూడవది. అంతకు ముందే, 2012లో, ఆస్ట్రేలియా తత్వవేత్త పీటర్ సింగర్ కూడా బరువును బట్టి ఛార్జీ ఉండాలని వాదించాడు. బరువు పెరిగితే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుందని, ఆ ఖర్చును తేలికైనవారు ఎందుకు భరించాలని ఈ వాదన సారాంశం.

వాదనలో నిజం లేకపోలేదు. అయితే ఎంత నిజమో కొలిచి చూడాలి. విమానం మోసే ప్రతి 100 కిలోల అదనపు బరువుకూ గంటకు సుమారు మూడు నాలుగు కిలోల ఇంధనం ఎక్కువ పడుతుందని విమానయాన రంగంలో ఒక స్థూలమైన లెక్క ఉంది. హైదరాబాదు నుంచి జిద్దాకు ఐదారు గంటల ప్రయాణం. ఒక ప్రయాణికుడు మరొకరికంటే 25 కిలోలు ఎక్కువ ఉన్నాడనుకుందాం. అతని వల్ల అదనంగా ఖర్చయ్యేది ఐదు కిలోలకు అటూ ఇటూ ఇంధనం. అంటే కొన్ని వందల రూపాయలు. పాతిక ముప్పై వేల రూపాయల టికెట్టులో అది ఎంత భాగమో పాఠకులే ఊహించవచ్చు.

కారణం సులభంగానే అర్థమవుతుంది. మన దేశంలో విరివిగా తిరిగే ఎయిర్‌బస్ ఎ320 విమానం, ప్రయాణికులూ ఇంధనమూ లేకుండానే దాదాపు 42 టన్నులు తూగుతుంది. అందులో 180 సీట్లు ఉంటే, ఒక్కొక్క సీటు వాటాకు 230 కిలోలకు పైగా లోహమూ యంత్రమూ వస్తాయి. ఆ సీటులో 70 కిలోల మనిషి కూర్చున్నా, 95 కిలోల మనిషి కూర్చున్నా, విమానం ముందుగా తన బరువునే మోసుకుపోవాలి. పైలట్ల జీతం, విమానం అద్దె, విమానాశ్రయ రుసుములు, మరమ్మతులు - ఇవేవీ ప్రయాణికుని నడుము కొలతతో పెరిగేవి కావు.

విమానసంస్థలు అమ్మేది చోటును అనడానికి మరొక రుజువు మన ఇళ్ళలోనే ఉంది. మూడేళ్ళ పసివాడు 14 కిలోలు ఉంటాడు. రెండేళ్ళు నిండిన మరునాటి నుంచే వానికి ప్రత్యేకమైన సీటు, దానికి దాదాపు పూర్తి టికెట్టు. ముగ్గురు పసిపిల్లల బరువు కలిపినా ఒక వయోజనుని బరువు కాదు; అయినా మూడు టికెట్లు కొంటాం. పిల్లవాని టికెట్టు అమ్మేటప్పుడు కాటాను గుర్తు చేయనివారికి, స్థూలకాయుని టికెట్టు అమ్మేటప్పుడు మాత్రం కాటాను గుర్తు చేసే హక్కు ఎక్కడిది? కాళ్ళు చాపుకునే వీలున్న వరుసకు ఎక్కువ వసూలు చేయడమూ, బిజినెస్ తరగతికి అనేక రెట్లు వసూలు చేయడమూ చోటుకు కట్టిన వెలలే. అమ్మే సరుకు చోటు అయినప్పుడు కొలమానం కూడా చోటే కావాలి.

బరువూ చోటూ ఒకటి కాదన్నది కూడా గమనించాలి. ఆరడుగుల పైన ఎత్తున్న వ్యాయామశీలి 100 కిలోలు ఉండి కూడా తన సీటులో సరిపోతాడు. ఐదడుగుల స్త్రీ 85 కిలోలే ఉన్నా, కాన్పుల తరువాత నడుము వెడల్పై, అదే సీటులో ఇరుక్కుపోవచ్చు. కిలోల లెక్కన వసూలు చేస్తే ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించని మొదటివాడు ఎక్కువ కట్టాలి. సాధారణంగా స్త్రీలకంటే పురుషులు ఎక్కువ తూగుతారు గనుక, సన్నగా ఉన్న పురుషులలో కూడా చాలామంది స్త్రీలకంటే ఎక్కువ కట్టవలసి వస్తుంది. గర్భిణి నెలనెలకూ మరింత కట్టాలి. ఇన్ని వంకరలు ఉన్న కొలతను న్యాయమైన కొలత అని ఎలా అనగలం?

కుదించినవారు ఎవరు?

అసలు చిక్కు సీటు వెడల్పులో ఉంది. సాధారణ తరగతి సీటు వెడల్పు నేడు 17, 18 అంగుళాలు. అంటే సుమారు ఒక మూర మాత్రమే. అమెరికాలో ప్రయాణికుల సంఘం ఒకటి ఈ విషయమై కోర్టుకెక్కింది. ఒకప్పుడు ఒక సీటుకూ ముందు సీటుకూ మధ్య సగటున 35 అంగుళాల దూరం ఉండేదని, అది 31కి, కొన్ని విమానాల్లో 28కి తగ్గిందని, వెడల్పు సైతం 18.5 అంగుళాల నుంచి 17కు చేరిందని ఆ సంఘం చెప్పింది. సీట్లు కుదించుకుపోయే కొద్దీ మనుషులు పెద్దవారవుతున్నారని, ప్రమాదవేళ త్వరగా బయటపడడం ఎలాగని ప్రశ్నించింది. 2017 జూలైలో వాషింగ్టన్‌లోని అప్పీలు కోర్టు ఆ వాదనలోని భద్రతాంశాన్ని తీవ్రంగా తీసుకుని, విమానయాన అధికారులు మళ్ళీ పరిశీలించాలని ఆదేశించింది. సీట్లకు కనీస కొలతలు నిర్ణయించాలని 2018లో అమెరికా పార్లమెంటు చట్టమే చేసింది. 2022లో అధికారులు ప్రజాభిప్రాయం కోరారు.

మనుషులు పెద్దవారవుతున్నారన్న మాట మనకూ వర్తిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో సుమారు 30 శాతం. వీరందరికీ విమానం సీటు చాలదని కాదు, చాలామందికి చాలుతుంది. అయినా ఆ అంచుకు దగ్గరవుతున్నవారి సంఖ్య పెరుగుతున్నదన్నది స్పష్టం.

కనుక ఒక వరుసలో మరో సీటు ఇరికించి లాభం పొందినది విమానసంస్థ. ఆ ఇరుకులో పట్టని దేహం కనిపించినప్పుడు, తప్పంతా ఆ దేహానిదే అని వేలెత్తి చూపడం ధర్మం కాదు. కుట్టుపని వాడు అంగీ ఇరుకుగా కుట్టి, నీ ఒళ్ళే లావు అన్నట్టుంటుంది.

ప్రక్కసీటు ప్రయాణికుని హక్కు

ఇంతవరకు చెప్పినది చదివి, స్థూలకాయులపై జాలితో ప్రక్కసీటు మనిషిని మరచిపోతున్నామని కొందరు అనవచ్చు. వారి ఆక్షేపణ సరైనదే. అతడూ పూర్తి డబ్బు కట్టాడు. పొరుగువాని భుజమూ తొడా తన సీటులోకి వస్తే, ఆరు గంటలపాటు ఒక ప్రక్కకు వంగి కూర్చోవలసి వస్తే, అతడు కొన్న చోటులో నాలుగోవంతు అతనికి దక్కనట్లే. పరపురుషుని దేహం తగలకుండా ప్రయాణించాలని కోరుకునే స్త్రీకి ఈ ఇరుకు మరింత మనస్తాపం. ఆమె మొహమాటపడి నోరు మెదపకపోవచ్చు. నోరు మెదపనంత మాత్రాన ఆమె హక్కు పోదు. ప్రక్కనున్న సహచరునితో మంచిగా మెలగాలన్న దైవాజ్ఞలో ప్రయాణంలో ప్రక్కన కూర్చునేవాడు కూడా చేరతాడని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు అనేకులు చెప్పారు. ఆ బాధ్యత రెండు వైపులా ఉంటుంది. ఇరుకు పెట్టకుండా చూసుకోవడం ఒకరి ధర్మం, అవమానించకుండా మెలగడం మరొకరి ధర్మం.

అలాగైతే రెండో సీటు ఖర్చు ఎవరు భరించాలి? ఈ ప్రశ్నకు ఉత్తర అమెరికాలోనే రెండు భిన్నమైన సమాధానాలు కనిపిస్తాయి.

అమెరికాలోని సౌత్‌వెస్ట్ విమానసంస్థ చాలాకాలంగా ఒక నియమం పాటిస్తున్నది. రెండు సీట్ల మధ్య చేయి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్ ఉంటుంది గదా, దానిని పూర్తిగా కిందికి దించి కూర్చోగలగాలి. అదే సరిహద్దు. కాటాతో పని లేదు. సరిహద్దు దాటేవారు రెండో సీటు తీసుకోవాలి. ఒకప్పుడు ఆ రెండో సీటు డబ్బు ప్రయాణం తరువాత తిరిగి ఇచ్చేవారు. 2026 జనవరి 27 నుంచి నియమం కఠినమైంది. రెండో సీటును ముందుగానే కొనాలి. విమానంలో కనీసం ఒక సీటు ఖాళీగా మిగలడం వంటి షరతులు నెరవేరితేనే డబ్బు వాపసు వస్తుంది.

కెనడాలో దారి వేరు. అక్కడి రవాణా నియంత్రణ సంస్థ 2008 జనవరిలో ఒక తీర్పు ఇచ్చింది. వైకల్యం వల్ల రెండు సీట్లు అవసరమైన వ్యక్తి దేశంలోపలి ప్రయాణాల్లో ఒక్క టికెట్టు డబ్బే చెల్లించాలి. సహాయకుని తోడు లేకుండా ప్రయాణించలేనివారికీ ఇది వర్తిస్తుంది. అతిస్థూలకాయం వల్ల వికలాంగులైనవారికీ వర్తిస్తుంది. కేవలం లావుగా ఉండి, వైకల్యం లేనివారికి మాత్రం వర్తించదు. పెద్ద సంస్థలు సుప్రీంకోర్టుకు వెళ్ళబోతే, ఆ కోర్టు అదే ఏడాది నవంబరులో అప్పీలు స్వీకరించడానికి నిరాకరించింది. ఈ నియమం అమలు చేస్తే భారం ఎంత అని నియంత్రణ సంస్థ లెక్క వేసింది. ఎయిర్ కెనడా టికెట్టుకు సగటున 77 సెంట్లు, వెస్ట్‌జెట్ టికెట్టుకు 44 సెంట్లు. ఒక్క కెనడా డాలరు కూడా కాదు! ఒక వికలాంగుడు మోయలేని భారాన్ని వేలమంది పంచుకుంటే, అది ఎవరికీ తెలియనంత తేలికైంది.

ఒంటెల బేరం నాటి వివేకం

వాహనం అద్దె, సవారి చేసేవాని బరువు అన్న చర్చ మన ధర్మశాస్త్రవేత్తలకు కొత్తది కాదు. వారి కాలంలో విమానాలు లేవు. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు అద్దెకు దొరికేవి. క్రీ.శ. 1197లో మరణించిన ఫర్గానా ప్రాంతపు హనఫీ పండితుడు బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించిన హిదాయా గ్రంథాన్ని మన ఉపఖండంలోని మదరసాల్లో శతాబ్దాలుగా బోధిస్తున్నారు. అందులో ఇజారా, అంటే అద్దె ఒప్పందాల అధ్యాయంలో రెండు సమస్యలు దగ్గరదగ్గరగా వస్తాయి.

మొదటిది: ఇంత బరువు గోధుమలు మోయడానికని జంతువును అద్దెకు తీసుకుని, అంతకంటే ఎక్కువ మోపితే, ఆ జంతువు చనిపోతే ఏం చేయాలి? ఎంత ఎక్కువ మోపాడో ఆ నిష్పత్తిలో పరిహారం ఇవ్వాలి. ఇక్కడ తూకమే ప్రమాణం.

రెండవది: తాను ఒక్కడే సవారి చేస్తానని అద్దెకు తీసుకుని, వెనుక మరొక మనిషిని ఎక్కించుకున్నాడు. జంతువు చనిపోయింది. అప్పుడు సగం వెల పరిహారంగా ఇవ్వాలి. వెనుక ఎక్కినవాడు బరువైనవాడా, తేలికైనవాడా అని చూడరాదు. ఇందుకు గ్రంథకర్త చూపిన కారణాలు ఆలోచింపజేస్తాయి. సవారి తెలియని తేలికైనవాడు జంతువును గాయపరచవచ్చు. సవారి తెలిసిన బరువైనవాడు దానికి తేలికగానే ఉండవచ్చు. పైగా మనిషి తూకం వేసే వస్తువుల కోవలోకి రాడు. కనుక మనుషులను తూచడం కాదు, లెక్కించాలి.

ఇది పరిహారం గురించిన మాటేగాని ఛార్జీ గురించిన మాట కాదని, నేడు ప్రతి వీధిలో మనిషిని తూచే కాటా ఉందని ఎవరైనా అనవచ్చు. ఆ మాట ఒప్పుకుందాం. విమానపు ఛార్జీకి ఇది ఫత్వా కాదు. అయినా ఆ వివేచనలోని సారం నిలిచే ఉంది. గోధుమల మూటకూ మనిషికీ ఒకే కొలత వేయకూడదు. వాహనంపై పడే భారం కేవలం కిలోలతో తేలదు. మూటలో ఎక్కువైన గోధుమలను ఇంటి దగ్గర దించి రావచ్చు. సూట్‌కేసులోని రెండు కిలోలను తీసివేయవచ్చు. మనిషి తన దేహాన్ని ఇంటి దగ్గర వదలి రాలేడు. మొదట వేసుకున్న ప్రశ్నకు, పెట్టెను తూచి మనిషిని ఎందుకు తూచరన్న ప్రశ్నకు, సమాధానం ఇదే.

అదే ఇజారా అధ్యాయం నుంచి మరొక మౌలిక నియమం కూడా తీసుకోవాలి. అద్దెకు ఇచ్చేది ఏమిటో, దాని వెల ఎంతో ఒప్పందం కుదిరేనాడే ఇద్దరికీ తెలియాలి. డబ్బు ముందే తీసుకుని, ప్రయాణికుడు విమానం వాకిట నిలబడినప్పుడు రెండో సీటు కొనాలని చెప్పడం ఈ నియమానికి విరుద్ధం. సీటు వెడల్పు ఎన్ని అంగుళాలో, ఆర్మ్‌రెస్ట్ దిగకపోతే ఏం చేయాలో టికెట్టు అమ్మే చోటనే స్పష్టంగా చెప్పాలి. అలా చెప్పి, రెండు చోట్లు అవసరమైన ఆరోగ్యవంతుని నుంచి రెండో చోటుకు న్యాయమైన వెల అడిగితే, ఒప్పంద ధర్మం దానిని తప్పుపట్టదు. అయితే ఆ సీటు వల్ల సంస్థకు అమ్మకం నష్టం కానప్పుడు, అంటే విమానంలో సీట్లు ఖాళీగా మిగిలినప్పుడు, డబ్బు వాపసు ఇవ్వడమే ధర్మం. వైకల్యం ఉన్నవారి విషయంలో కెనడా చూపిన దారే మేలు. హక్కును ఇవ్వడం న్యాయం. హక్కుకు మించి ఇవ్వడం ఇహ్‌సాన్. ఈ రెండూ కలిసినప్పుడే సమాజం నిలుస్తుంది.

తిండిని గురించిన ఉపదేశం

మితాహారం పాటించమని ధర్మం బోధించింది గదా, అతిగా తిని లావెక్కినవాడు ఎక్కువ కట్టుకుంటే తప్పేమిటని కొందరు ఆవేశంగా అడుగుతారు. మితాహారం బోధ సత్యమే. దానిని ప్రతి ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర పాటించాలి. కాని ఒక దేహాన్ని చూసి దాని చరిత్రను చదవగలవారు ఎవరు? థైరాయిడ్ మందగించినవారు ఉంటారు. ఉబ్బసానికో కీళ్ళవాతానికో ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మందులు వాడి బరువెక్కినవారు ఉంటారు. కాళ్ళవాపుతో బాధపడేవారు, మోకాళ్ళ నొప్పులతో నడక మానేసినవారు ఉంటారు. నిజంగానే అతిగా తినేవారూ ఉంటారు. వీరిని వేరుచేసే యంత్రం విమానాశ్రయంలో లేదు. టికెట్టు కౌంటరు వైద్యశాల కాదు, పశ్చాత్తాపపు వేదిక అంతకన్నా కాదు. లావుగా ఉన్నవారిని చూసి వరుసలో నవ్వుకోవడం, ఫోనులో ఫొటో తీసి నలుగురికి పంపడం ధర్మం స్పష్టంగా నిషేధించిన ఎగతాళి క్రిందికే వస్తాయి. ఛార్జీ కట్టలేదన్న సాకు ఆ పాపాన్ని కడగదు.

ఇంటివారు చేయదగినవి

విమానసంస్థలు మారేదాకా మన ఇళ్ళలో చేసుకోదగిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. పెద్దలను ఉమ్రాకో, గల్ఫ్‌లోని పిల్లల దగ్గరకో పంపేటప్పుడు వారి దేహస్థితిని బట్టి ముందే ఆలోచించాలి. మన దేశంలో కూడా కొన్ని విమానసంస్థలు ఒకే ప్రయాణికుని పేర రెండో సీటు కొనే వీలు కల్పిస్తున్నాయి. టికెట్టు తీసుకునే రోజే ఫోను చేసి, దాని ధర ఎంత, వాపసు వస్తుందా, ప్రక్కప్రక్కనే సీట్లు ఇస్తారా అని అడిగి తెలుసుకోవాలి. బృందంతో వెళ్ళేవారు ఈ సంగతి యాత్ర ఏజెంటుకు దాచకుండా చెప్పాలి. విమానం ఎక్కిన తరువాత చెబితే అతడైనా చేయగలిగింది తక్కువ.

రెండో సీటు అవసరం లేదు గాని ఇరుకు ఉంటుందనుకున్నప్పుడు, నడవ ప్రక్క సీటు ముందే ఎంచుకోవడం మంచిది. ఒక ప్రక్క సొంత మనిషిని కూర్చోబెడితే పరాయివారికి ఇబ్బంది ఉండదు. బెల్టు చాలకపోతే దానికి జోడించే అదనపు బెల్టు విమానంలో ఉంటుంది. అడగడానికి సిగ్గుపడి బెల్టు పెట్టుకోకుండా కూర్చోవడం ప్రాణానికే ముప్పు. ఎక్కగానే సిబ్బందిని నెమ్మదిగా అడిగితే నెమ్మదిగానే ఇస్తారు. పెద్దవారు అడగలేకపోతే వెంట ఉన్న కొడుకో కోడలో అడగాలి.

ప్రక్కసీటులో ఇరుకుపడినవారు సైతం పొరుగువారిని గద్దించకుండా, లేచి వెళ్ళి సిబ్బందితో మాట్లాడాలి. ఖాళీ సీటు ఉంటే మార్చమని కోరాలి. లేకపోతే, కొన్న చోటు పూర్తిగా దక్కలేదని సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ ఫిర్యాదు చేరవలసింది సీటును ఇరుకుగా అమ్మినవారికే.

సరుకును తూచి అమ్మేవాడు తూకంలో మోసం చేయకూడదు. చోటును అమ్మేవాడు చోటులో మోసం చేయకూడదు. మనిషి విషయంలో కాటాను భద్రత అవసరమైన చోటికే పరిమితం చేసి, చోటుకు న్యాయమైన వెల ముందుగా చెప్పి, అశక్తుని భారాన్ని అందరమూ కొంచెం కొంచెం పంచుకుంటే, ఏ ప్రయాణికుడూ తల వంచుకుని విమానం ఎక్కవలసిన పని ఉండదు. ఏ ప్రయాణికుడూ ఒక ప్రక్కకు వంగి కూర్చోవలసిన పనీ ఉండదు.